ఉపవాసమని రాసిన చీటీ

మినపప్పు నానబోసి పొట్టు కడిగిన నీళ్ళు మీ ఇంట్లో ఏం చేస్తారు? మా వైపు కుడితి తొట్లో పోస్తారు. గేదె లేని ఇళ్ళల్లో గుమ్మం పక్క మొక్కకి పోస్తారు. నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం ఆ పొట్టు చుట్టూనే గడిచింది. పరిశోధన ప్రాజెక్టుల్లోనో ఆరోగ్య కార్యక్రమాల్లోనో కొత్తగా చేరి, పల్లెలకు వెళ్ళి నలుగురికీ నాలుగు మంచి మాటలు చెప్పే పని నెత్తికెత్తుకున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను రాసిన ఒక్క మాట ఒక పెద్దావిడ ప్రాణం మీదికి ఎలా తెచ్చిందో, ఆ రోజు నా కళ్ళతో ఏం చూశానో, అంతే.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. తప్పు అక్కడే మొదలైంది. మాది పిట్టలవానిపాలెం దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి కొన్నేళ్ళు మంచం దిగలేదు. బడి నా దగ్గరికి రాదు కాబట్టి మా అమ్మే నాకు బడి అయింది. బైబిలు, పాత వారపత్రికలు, మందుల డబ్బాల్లో మడత పెట్టి ఉండే కాగితాలు, అచ్చులో ఏది దొరికితే అది చదివించేది. మాది లూథరన్ ఇల్లు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నేను వాక్యం తప్పు చదివితే ప్రార్థన ఆపి మరీ దిద్దేది. తర్వాత ప్రైవేటుగా కట్టి పరీక్షలన్నీ పాసయ్యాను. అలా నాకు తెలుగు బాగా వచ్చునన్న గర్వం పట్టుకుంది. దేవుడు నాకిచ్చినవి చాలా ఉన్నాయి గాని, ఆ గర్వం మాత్రం నేను సొంతంగా సంపాదించుకున్నది.

బాపట్లలో ఆహార పదార్థాల మీద పరిశోధన చేసే ఒక చిన్న ప్రయోగశాలలో నాకు సహాయకురాలి ఉద్యోగం దొరికింది. ప్రాజెక్టు నడిపే శాస్త్రవేత్తను మేం మేడం అనేవాళ్ళం. ఆవిడ మాట తక్కువ, చూపు ఎక్కువ. మనం పారేసే వాటిల్లో పనికొచ్చేవి ఏమున్నాయన్నది ఆవిడ ప్రశ్న. వరి పొలాల్లో రెండో పంటగా మినుము వేసే నేల మాది. పప్పు మిల్లుల దగ్గర పొట్టు కుప్పలు కుప్పలుగా ఉండేది.

మొదటి నెలలోనే నాకు ఆ పొట్టు మీద భక్తి కుదిరింది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, అలాంటి చెరుపు మన ఒంట్లోనూ లోలోపల జరుగుతూ ఉంటుందట. దాన్ని అడ్డుకునే గుణమున్న పదార్థాలనే యాంటీఆక్సిడెంట్లు అంటారు. అవి ఉన్నాయో లేవో చూడడానికి గాజుగొట్టంలో ముదురు ఊదారంగు ద్రవం పోసి, అందులో పొట్టు సారం చుక్కలుగా వేస్తారు. నేను మొదటిసారి వేసినప్పుడు ఆ ఊదారంగు మెల్లగా పలచబడి, నా కళ్ళ ముందే లేత పసుపుకి తిరిగింది. గేదెలకు పెట్టే పొట్టులో ఇంత పని దాచిపెట్టినవాడు ఎవరా అనుకుని నిలబడిపోయాను.

"ఏంటండీ, పెదవులు కదుపుతున్నారు?" అని మేడం అడిగారు.

"చుక్కలు లెక్కపెడుతున్నానండి" అన్నాను. నిజానికి స్తోత్రం చెప్పుకుంటున్నాను. ప్రయోగశాలలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

గొట్టంలో జరిగింది మనిషి ఒంట్లోనూ జరుగుతుందా అన్నది తర్వాతి మెట్టు. షుగరున్న ఆడవాళ్ళకు, వాళ్ళ మందులు మాన్పించకుండా, మూడు నెలల పాటు రోజూ మజ్జిగలో కాస్త పొట్టు పొడి కలిపి ఇవ్వాలి. ముందొకసారి, చివర ఒకసారి రక్తం తీసి చూడాలి. తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో కొందరిని, రేపల్లె దాటాక కాలువ గట్టున ఉన్న ఒక పేటలో పద్నాలుగు మందిని ఎంచుకున్నాం. మొదటి ఊళ్ళో వాళ్ళంతా రైతు కుటుంబాలు. రెండోది మా విశ్వాసం వాళ్ళ పేట, కూలి పనులకెళ్ళేవాళ్ళు. రెండు చోట్లా ఇల్లిల్లూ తిరిగి ఒప్పించే పని నాది.

సంగం జాగర్లమూడిలో నాకు పేరు కూడా పెట్టారు. "పొట్టు మేడమొచ్చింది, గేదెల్ని లోపల కట్టెయ్యండి, దాణా పట్టుకుపోద్ది!" అని ఒకావిడ వీధి చివర నుంచే కేకేసేది. రేపల్లె పేటలో అందరికంటే పెద్ద ఒక మామ్మ. నేను చెప్పిందంతా విని, పొడి వేలికి అద్దుకుని నాకి, "చేదు లేదు, వగరు లేదు. మందంటే ఎవరు నమ్ముతారు?" అంది. అయినా ఒప్పుకోలు కాగితం మీద ముందు వేలిముద్ర వేసింది ఆవిడే. ఆవిడ వేసింది కాబట్టే మిగతా పదమూడు మంది వేశారు.

ఇక చీటీ. రక్తం తీసే రోజు ఎలా రావాలో రాసి ఇంటింటికీ పంచాలి. మా ఆఫీసు గుమాస్తా ముసాయిదా రాసిచ్చాడు. "రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రావాలి" అని ఉంది అందులో. నాకు అది మరీ మోటుగా అనిపించింది. ఏమీ తినకుండా రావాలట! పెళ్ళి భోజనానికి పిలిచినట్టుంది. ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, "ఉపవాసముతో రావలెను" అని రాశాను. ఎంత నిండైన మాట! గుమాస్తా నా వైపు చూసి, "మీ ఇష్టమండి, నాకైతే ఆకలేస్తోంది ఆ మాట వింటే" అన్నాడు. నేను నవ్వి అచ్చుకి పంపాను. మేడం ఇంకో ఊరు వెళ్ళి ఉన్నారు. ఆవిడ వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు.

ఆ రోజు రెండు చోట్లా ఒకేసారి రక్తం తీయాలి. రేపల్లె వైపు మా నర్సు వెళ్ళింది, మేం సిస్టర్ అని పిలిచేవాళ్ళం. సంగం జాగర్లమూడి పంచాయతీ అరుగు మీద నేనూ, రక్తం తీసే టెక్నీషియనూ కూర్చున్నాం. వేలి మీద పొడిచి చిన్న మిషను మీద కూడా షుగరు చూస్తున్నాం. మొదటావిడకి బాగా ఎక్కువొచ్చింది. రెండో ఆవిడకి ఇంకా ఎక్కువ. టెక్నీషియను మిషను పాడైందనుకుని తన వేలు పొడుచుకు చూసుకున్నాడు. బాగానే ఉంది.

నాకు పేరు పెట్టినావిడే మూడోది. "పిన్నిగారూ, ఏమైనా తిన్నారా?" అని అడిగాను.

"ఉపవాసమన్నారుగా! మెతుకు ముట్టలేదు."

"టీ?"

"టీ ఏంటి, పాలు తాగా. రెండు దిబ్బరొట్టె ముక్కలు తిన్నా."

"దిబ్బరొట్టా! ఉపవాసమని రాశాం కదండీ?"

"ఏం రాశారో చూశాలే. ఇరవై ఏళ్ళుగా శనివారం శనివారం ఉంటన్నా, నాకు నేర్పుతావా ఉపవాసం? అన్నం తినకూడదు. అంతేగా?"

వెనక నుంచి ఇంకొకావిడ అందుకుంది. "నేను అరిటిపండే తిన్నా. దేవుడికి పెట్టగా లేంది నాకు తప్పొచ్చిందా?"

అరుగంతా ఒకటే నవ్వు. టెక్నీషియను నెత్తి కొట్టుకున్నాడు. నేనూ నవ్వాను. ఒక రోజు పని పోయింది, మళ్ళీ రావాలి, అంతేగా అనుకున్నాను.

ఆ నవ్వు మధ్యలోనే నాకు ఇంకో ఆలోచన తట్టింది. వీళ్ళకి ఉపవాసమంటే అన్నం మానడం. మరి మా వాళ్ళకి? మా ఇంట్లో అమ్మ ఉపవాసమంటే పొద్దు వాలి, ప్రార్థన ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆ పేటలో అందరూ అంతే. ఆ మాట నాకెంత నిండుగా వినిపించిందో వాళ్ళకీ అంతే నిండుగా వినిపించి ఉంటుంది.

సిస్టరుకి ఫోన్ చేశాను.

"అందరిదీ తీసేశానండి! ఎంత పద్ధతిగా వచ్చారో. ఒక్కళ్ళు తిని రాలేదు" అంది సంతోషంగా. ఐసు డబ్బాతో బాపట్ల బస్సెక్కేసింది కూడా.

"రక్తమిచ్చాక తినడానికి కట్టించిన టిఫిను పొట్లాలు?"

"పద్నాలుగూ ఇచ్చాను. కొంగులో కట్టుకుని వెళ్ళారు."

"షుగరు బిళ్ళలు?"

"ఇంటికెళ్ళి మర్చిపోతారని నా ఎదురుగానే మింగించానండి. నీళ్ళకి వెనకాడారు గాని, మందుకేగా అని ఒక్కో గుక్క నేనే ఇచ్చా."

పాపం, ఆ పిల్ల జాగ్రత్తే మా కొంప మీదికొచ్చింది. షుగరు బిళ్ళ మింగి సాయంత్రం దాకా ఏమీ తినకపోతే, ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా పడిపోతుంది. ముందు చెమటలు, వణుకు, తర్వాత మాట తడబాటు, తర్వాత స్పృహ తప్పడం. పెద్ద వయసు వాళ్ళయితే మళ్ళీ కళ్ళు తెరవకపోవచ్చు.

పేటలో ఆశా కార్యకర్తకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అప్పుడూ అంతే. ఆటోలో తెనాలి వచ్చి, కదులుతున్న రేపల్లె బస్సెక్కాను. కండక్టరు "ఈ కాలేసుకుని ఏం పరుగులమ్మా, పడితే?" అని కేకలేశాడు. వేమూరు, భట్టిప్రోలు, దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు తీరిగ్గా దిగేవారు. నాకు ప్రార్థన కూడా సరిగ్గా రాలేదు. 'ఆ వాక్యం నేనే రాశాను' అన్నదొక్కటే తిరిగి తిరిగి నోటికొచ్చింది. రేపల్లెలో దిగి మందుల షాపులో గ్లూకోజు డబ్బా కొనుక్కుని ఆటోలో పేటకు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది.

ఇళ్ళకి తాళాలు లేవు, మనుషులూ లేరు. చర్చిలోంచి సన్నగా పాట వినిపించింది.

తలుపు దగ్గర నిలబడిపోయాను. మామ్మ తప్ప అందరూ చాపల మీద మోకరించి ఉన్నారు. ఆశా కార్యకర్త కూడా వాళ్ళతో ఉంది. సెల్‌ఫోన్లన్నీ కిటికీలో బోర్లా పెట్టి ఉన్నాయి. మేమిచ్చిన పద్నాలుగు టిఫిను పొట్లాలు ప్రార్థన బల్ల ముందు వరసగా, ఒక్కటి కూడా విప్పకుండా ఉన్నాయి. ఇంత ఆకలి ఇంత ఓపిగ్గా పాడుతూ ఉండడం నేను అంతకు ముందు చూడలేదు.

మామ్మ గోడకి చేరగిలబడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "వచ్చావా చెల్లే, బియ్యం కడిగావా?" అంది. ఆవిడ చెల్లెలు పోయి చాలా కాలమైందని తర్వాత తెలిసింది.

గ్లాసు నీళ్ళల్లో గ్లూకోజు కలిపి నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించేసింది. మనిషికి తెలివి సగం తప్పింది గాని, పట్టుదల మాత్రం తప్పలేదు. "సందేళ దాకా" అంది పళ్ళ మధ్య నుంచి.

"తాగించండి, తాగించండి!" అని నేను అరుస్తుంటే ఆశా కార్యకర్త కంగారుగా లేచి వచ్చింది. "అదేంటండీ? మీరే గదా ఉపవాసం ఉండమని రాసింది?"

"రక్తం ఇచ్చేదాకానేనమ్మా!"

"మాకట్టా తెలవదే. మీ పని కోసం ప్రార్థన చెయ్యమన్నారనుకున్నాం. చీటీ చదవగానే మామ్మే అంది, 'అంత చదువుకున్నోళ్ళు దేవుణ్ణి పెట్టుకుని పని మొదలెడతన్నారు, మనం ఊరుకుంటే బాగుండిద్దా' అని. పొద్దుటి నుంచీ మీ కోసమే చేస్తన్నామండీ."

పిల్లలూ, ఆ మాటకి నాకు ఏమైందో రాయడం నాకు చేతకాదు. మా ప్రాజెక్టుకి అనుమతులిచ్చిన పెద్దలున్నారు, సంతకాలు పెట్టిన కమిటీలున్నాయి. కడుపు మాడ్చుకుని మా పక్కన నిలబడింది మాత్రం రక్తం ఇచ్చినవాళ్ళే. నిలబడమని మేం అడగనైనా అడగలేదు.

మామ్మ తల పక్కకి వాలుతోంది. బతిమాలితే నోరు తెరవదు. బలవంతంగా పోస్తే పొరబోతుంది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఉపవాసం విడవాలంటే ముగింపు ప్రార్థన చెయ్యాలి. అది అయ్యాక ఇంకెవరూ ఆపరు. మామ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా, "ప్రభువా, ఈ ఉపవాసం అందింది. ఇక చాలు. ఆమేన్!" అన్నాను. నా జీవితంలో అంత పొట్టి ప్రార్థన ఇంకోటి లేదు. అందిందో లేదో చెప్పే అధికారం నాకెవరిచ్చారో ఈ రోజుకీ తెలియదు.

"ఆమేన్" అన్నారు అందరూ. అలవాటు చొప్పున మామ్మ పెదవులు కూడా ఆ మాటకి విడివడ్డాయి. చెంచా అందించాను. మింగింది. ఇంకొకటి. ఇంకొకటి. ఎన్ని చెంచాలో నాకు గుర్తులేదు. మిగతావాళ్ళని పొట్లాలు విప్పి తినమన్నాను. వాళ్ళలోనూ ఇద్దరికి చేతులు వణుకుతున్నాయి.

పావుగంటకి మామ్మ చూపు తేటపడింది. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు పొడి అమ్మాయివి గదా? ఏంటి, ఇట్టా చెమటలు కక్కుతున్నావు? ఏమన్నా తిన్నావా?"

తినలేదని చెప్తే తన పొట్లంలో సగం ఇడ్లీ తుంపి నా చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. ఆ బిళ్ళ ప్రభావం మళ్ళీ తిరగబెట్టొచ్చని ఆటోలో రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పొద్దుపోయేదాకా ఉంచుకుని, పర్వాలేదన్నాక పంపారు. అక్కడి బెంచీ మీదే ఆవిడకి చెప్పాను, ఆ మాట రాసింది నేనేనని, ఎవరూ ప్రార్థన అడగలేదని, అది నా తెలుగు గొప్ప కోసం రాసిన మాటని. మామ్మ నా వైపు తిరిగి, "అడక్కపోతే మాత్రం, చేస్తే తప్పా?" అంది.

మర్నాడు మేడం ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆవిడ చీటీ తీసి చూశారు.

"ఈ మాట మీదేనా?"

"నాదేనండి."

"ఆ పద్నాలుగు మందీ బాగున్నారా?"

"బాగున్నారండి."

"అయితే మళ్ళీ రాయండి. రాశాక అచ్చుకి పంపకండి. ముందు ఆ పాలు తాగినావిడకి వినిపించండి, తర్వాత మామ్మగారికి. వాళ్ళు ఏం అర్థమైందో చెప్పాక నాకు చూపించండి."

రెండు ఊళ్ళూ మళ్ళీ తిరిగాను. కొత్త చీటీలో ఇలా ఉంది: 'రాత్రి అన్నం తిన్నాక మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. పాలు, టీ, పండు కూడా వద్దు. రక్తం ఇచ్చాక అక్కడే కూర్చుని టిఫిను తినండి. ముద్ద చేతిలోకి తీసుకున్నాకే బిళ్ళ వేసుకోండి.' అందులో ఒక్క అందమైన మాట లేదు. దిబ్బరొట్టె పిన్నిగారు విని, "ఇది ముందే ఏడవొచ్చుగా!" అంది. గుమాస్తాకి కూడా క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన పాపం, "ఆకలేస్తోందని అప్పుడే అన్నానుగా" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మేడం నన్ను ప్రయోగశాల నుంచి శిక్షణ పనికి మార్చారు. ఆశా కార్యకర్తలకి, నర్సులకి, మీలాంటి కొత్తవాళ్ళకి ఆరోగ్య సమాచారం ఎలా చెప్పాలో నేర్పే పని. నేను నేర్పిందల్లా ఒక్కటే. బల్ల మీద ఒక మాట రాసి, దీనికి మీ ఇంట్లో అర్థమేంటి అని ఒక్కొక్కళ్ళని అడిగేదాన్ని. పథ్యం, పూట, గోరువెచ్చన, కొంచెం. ఒకే గదిలో ఒకే మాటకి ఎన్ని అర్థాలు లేచేవో! ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ఇన్ని ఇళ్ళల్లో ఇన్ని రకాలుగా బతుకుతూ కూడా మనం ఒకరి మాట ఒకరికి ఎంతో కొంత అందించుకుంటున్నామంటే, అదే ఒక కృప.

పొట్టు సంగతి మిగిలింది. మూడు నెలలు గడిచి, రెండోసారి రక్తం తీసి, లెక్కలన్నీ తేలాక, గొట్టంలో రంగు మార్చిన పొట్టు వాళ్ళ రక్తంలో చెప్పుకోదగ్గ మార్పేమీ తేలేదని తెలిసింది. రక్తమిచ్చినవాళ్ళకి ఆ మాట మనమే వెళ్ళి చెప్పాలన్నారు మేడం. సంగం జాగర్లమూడి సులువుగానే అయింది. "పోన్లే, మా గేదెల దాణా మాకు మిగిలింది" అన్నారు. రేపల్లె పేటకి వెళ్ళడానికే నాకు మనసొప్పలేదు. ఏమని చెప్పను? మీరు పస్తులుండి చేసిన ప్రార్థన వృథా అయిందనా?

చర్చి ముందు నీడలో చాపలు పరిచి కూర్చున్నారు. ఉన్నది చెప్పాను. పొడి పని చెయ్యలేదు, మీ మందులు మీరు మానకండి అన్నాను. అక్కడితో ఆపలేక, "మీరు అంత కష్టపడి ప్రార్థన చేశారు. అది ఫలించలేదు. నాకు మీ మొహం చూడ్డానికే సిగ్గుగా ఉంది" అన్నాను.

"ఫలించలేదని ఎవరన్నారు?" అంది మామ్మ.

"పొడి పని చెయ్యలేదు మామ్మా."

"పని చెయ్యాలని మేమెందుకు అడుగుతాం? అది పొట్టు ఇష్టం, దాన్ని చేసినోడి ఇష్టం. ఈ పిల్లలు ఏది చూస్తే అది మాకు అబద్ధం లేకుండా చెప్పేట్టు చూడు తండ్రీ అని అడిగాం. చెప్పావుగా."

మామ్మ చాప మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.